నన్ను తూచిన తార్నాక ఆఫీసరు

నేను ఎం.ఎస్‌సి. వృక్షశాస్త్రం చివరి సంవత్సరంలో ఉండగా దేశం నన్ను గుర్తించే అవకాశం ఒకటి వచ్చింది. ఢిల్లీ నుంచి ఇచ్చే ఒక జాతీయ ఫెలోషిప్‌కు దరఖాస్తులు పిలిచారు. అరవయ్యో దశకం చివర్లో మా యూనివర్సిటీ హాస్టల్లో దరఖాస్తు పెట్టడమంటే పళ్ళు తోముకోవడం లాంటిది. ఫలితం ఆశించి ఎవరూ చేసేవారు కాదు, మానేస్తే మాత్రం పక్కవాళ్ళు అదోలా చూసేవారు.

నా పరిశోధన అంశం దక్కన్ పీఠభూమి గడ్డిజాతులు. దీన్ని ఎంతో ఆలోచించి ఎంచుకున్నానని దరఖాస్తులో రాశాను. నిజానికి నాకంటే ముందు లేచినవాళ్ళు చెట్లనూ, పూలనూ, ఔషధ మొక్కలనూ పంచుకోగా మా ప్రొఫెసర్ దగ్గర మిగిలింది గడ్డి. తీరా తీసుకున్నాక దాని మీద నాకు ఇష్టం కలిగింది. తొక్కినా ఏమీ అనుకోదు, వానపడితే మళ్ళీ లేచి నిలబడుతుంది. మా హాస్టల్లో అంత మంచి స్వభావం ఇంకెవరికీ లేదు.

దరఖాస్తులో అన్ని గడులూ నిండాయి, ఒక్కటి తప్ప. అభ్యర్థిని ‘వ్యక్తిగతంగా, బాగా ఎరిగిన’ గెజిటెడ్ అధికారి ఒకరు అతని నడవడిని ధ్రువీకరించాలట. ఈ దేశంలో మనిషి మంచివాడో కాదో కన్నతల్లికి తెలియదు, పక్కింటివాళ్ళకు తెలియదు. గెజిటెడ్ అధికారికి మాత్రమే తెలుస్తుంది.

దీనికి మా హాస్టల్లో తరతరాలుగా ఒక ఏర్పాటు ఉండేది. అడిక్‌మెట్‌లో ఒక అధికారి పొద్దున్నే వరండాలో అద్దం పెట్టుకొని గడ్డం గీసుకుంటూ ఉండేవాడు. కాగితం అందిస్తే రేజరు పక్కన పెట్టి, అద్దంలోంచి చూపు తిప్పకుండా సంతకం చేసి ఇచ్చేవాడు. హాస్టల్లో ప్రతి ఒక్కణ్ణీ ఆయన వ్యక్తిగతంగా, బాగా ఎరుగును. మాకు మాత్రం ఆయన మొహం సగమే తెలుసు, మిగతా సగం నురగ. ఒకసారి నా రూమ్మేటు పొరపాటున దోభీ చిట్టా అందిస్తే, అందులోని రెండు ప్యాంట్లు, ఒక దుప్పటి సత్ప్రవర్తన కలవని కూడా ధ్రువీకరించాడు. అటువంటి ఉదారుణ్ణి సరిగ్గా నాకు అవసరమైన నెలలోనే కర్నూలుకు బదిలీ చేశారు.

ఫెలోషిప్ రాకపోతే ఏమవుతుందన్న విషయంలో నాకు అనుమానమేమీ లేదు. ముషీరాబాద్‌లో మా మేనమామకు షామియానాల దుకాణం ఉంది. పెళ్ళికీ చావుకీ ఎన్నికల సభకీ ఆయన ఒకే షామియానా వేసేవాడు, ఏ సందర్భమూ నొచ్చుకున్న దాఖలా లేదు. పల్లె నుంచి వచ్చిన నన్ను చదివించింది ఆయనే. చదువు కాగానే దుకాణంలో కూర్చోవాలన్నది ఆయన ఒప్పందం. ఒప్పందం జరిగినప్పుడు నన్ను అడగలేదు, అది వేరే సంగతి.

“గడ్డి మీద ఇంకా మూడేండ్లు చదువుతవారా?” అన్నాడు, ఫెలోషిప్ సంగతి చెప్పగానే.

“పరిశోధన, మామా.”

“మన బర్రె పుట్టినకాడ్నించి గడ్డి మీదనే ఉన్నది. దానికి ఢిల్లీకెల్లి ఎవడన్న పైసలు పంపిండా?”

“అది దరఖాస్తు పెట్టలె మామా.”

మామ ఒక్క బేరంలో తేల్చాడు. “సరే. ఆ ఫెలోషిప్పు అస్తే పో, ఆపను. రాకుంటే మాత్రం జూన్‌కు దుకాణంల కూసోవాలె. బోర్డు మీద నా పేరు పక్కన ‘అండ్ మేనల్లుడు’ అని రాయిపిస్త. పెయింటర్‌తోని మాట్లాడిన.”

నా భవిష్యత్తు మీద అంత నమ్మకంగా అడుగువేసినవాళ్ళు ఇంకెవరూ లేరు, మా ప్రొఫెసర్‌తో సహా. అందుకే గెజిటెడ్ అధికారి కోసం గట్టిగా వెతకడం మొదలుపెట్టాను.

వెతికి పట్టుకున్నది రూమ్మేటు. “తార్నాకల ఒకాయన ఉన్నడట యార్. తూనికలు కొలతల శాఖల పెద్ద ఆఫీసర్. కొత్తగ ఇల్లు కట్టిండు.”

“సంతకం చేస్తడా?”

“గెజిటెడే గద. సంతకం చెయ్యక ఏం చేస్తడు?”

ఆ సాయంత్రమే ఇద్దరం తార్నాక వెళ్ళాం. ఆఫీసరు పలచటి మనిషి. ఇస్త్రీ మడత చెదరని చొక్కాతో వరండాలో కూర్చుని ఉన్నాడు. నా దరఖాస్తు తీసుకొని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. వెనక్కి తిప్పి, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ప్రెస్సు వివరాలు కూడా చదివాడు. నాకు అప్పుడే కొంచెం భయం వేసింది.

“‘బాగా ఎరిగిన’ అని ఉన్నది గదా. నేను నిన్ను ఎరుగుదునా?”

“లేదు సార్.”

“ఎప్పట్నించి ఎరుగను?”

“పుట్టినప్పట్నించి సార్.”

“చూడు బాబూ. నా నౌకరీ ఏంది? దుకాణంల కిలో రాయి నిజంగ కిలో ఉన్నదా లేదా చూసి ముద్ర వేసుడు. తూచకుండ ముద్ర వేస్తే ఏమైతది?”

“తప్పయితది సార్.”

“మరి నిన్ను తూచకుండ ఎట్ల వెయ్యాలె?”

రూమ్మేటు నాకోసం ముందుకు వచ్చాడు. “మావోడు మంచోడే సార్. నేను చెప్తున్న గద.”

“నిన్నెవరు తూచిన్రు?” అన్నాడు ఆఫీసరు.

రూమ్మేటు మళ్ళీ వెనక్కి వెళ్ళాడు.

“ఆఖరు తారీఖు నెలాఖరు గదా,” అన్నాడు ఆఫీసరు దరఖాస్తు మడిచి నా చేతికిస్తూ. “టైమున్నది. రేపట్నించి రోజూ సాయంత్రం రా. ఎరుగుదాం.”

గేటు దాటాక రూమ్మేటు వెనక్కి తిరిగి ఆ ఇంటిని ఒకసారి చూశాడు. తర్వాత అన్నాడు: “పిల్లనిచ్చెటోల్లు గూడ ఒక్క పూట చూసి పోతరు గద బే.”

అలా నేను రోజూ క్లాసులు కాగానే క్యాంపస్ నుంచి తార్నాకకు నడిచి వెళ్ళి ఎరగబడటం మొదలుపెట్టాను. మొదటి పరీక్ష క్యారమ్స్. గెలిచిన మనిషిని చూస్తే ఏమీ తెలియదనీ, ఓడినప్పుడే అసలు మనిషి బయటికి వస్తాడనీ ఆఫీసరు సిద్ధాంతం. సిద్ధాంతంలో లోపమేమీ లేదు. చిక్కల్లా ఆయన ఆటలో ఉంది. ఆయన కొట్టిన స్ట్రైకర్ బోర్డంతా తిరిగి, ఒక్క కాయనూ నొప్పించకుండా, తానే పోయి మూల జేబులో పడేది. ఆయన చేతిలో ఓడిపోవడం మామూలు మనిషి వల్ల అయ్యే పని కాదు. మూడో రోజు ఎంతో కష్టపడి ఓడిపోయాను.

ఆయన స్ట్రైకర్ పక్కన పెట్టాడు. “కావాల్నని పోగొట్టినవా?”

అబద్ధం చెబితే నడవడి పోతుంది. నిజం చెబితే ఆయన మనసు నొచ్చుకుంటుంది. “అవును సార్” అన్నాను.

“ఊఁ” అన్నాడు. మర్నాడు నేను మామూలుగా ఆడి గెలిచాను. ఆయన ఆ సాయంత్రమంతా నాతో మాట్లాడలేదు. నన్ను ఎరగడంలో ఒక రోజు అలా వృథా అయింది.

ఆయన భార్య మాత్రం మొదటి రోజే నన్ను ఎరిగేసింది. “ఈ పిలగాన్ని ఇంకెన్ని రోజులు తిప్పుకుంటరు? సంతకం పెట్టి పంపుండ్రి,” అనేది వంటింట్లోంచి. నా ముందు సర్వపిండి పెట్టి మెల్లగా చెప్పేది: “తిను బిడ్డా. కానీ సూస్కుంట తిను, తిన్నది గూడ రాస్తడు.”

రెండో పరీక్ష కూరగాయలు. ఆఫీసరు చౌరస్తా వైపు నడుస్తుంటే చాలు, బండ్లవాళ్ళు తక్కెళ్ళు తుడిచి, రాళ్ళు వరసగా పేర్చి, దండం పెట్టేవారు. ఒకరోజు నా చేతికి సంచి ఇచ్చి, నువ్వే కొనుక్కురా అని తాను ఎటో వెళ్ళిపోయాడు. వంకాయలు తూచిన ముసలమ్మ నన్ను జాలిగా చూసింది.

“ఆ సార్‌తోని తిరుగుతున్నవు. ఏం తప్పు చేసినవ్ బిడ్డా?”

“ఫెలోషిప్‌కు పెట్టిన అవ్వా.”

“అయ్యో. ఇగో, ఇంకో రెండు ఎక్కువ ఏస్తున్న, తీస్కో. సార్‌కు చెప్పకు.”

ఆ రెండూ తీసి బండి మీద పెట్టేశాను. వెంటనే ఆఫీసరు పక్కనున్న బ్రెడ్డు దుకాణం చాటు నుంచి బయటికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. “ఎందుకు వాపస్ ఇచ్చినవ్? ధర్మమనా?”

అవునని అంటే అక్కడితో పని అయిపోయేదేమో. కానీ క్యారమ్స్ తర్వాత నాకు నిజం చెప్పడం అలవాటైపోయింది. “వంకాయ నాకు పడదు సార్. దురద వస్తది.”

మొహంలో వెలుగు కొంచెం తగ్గింది. “ఊఁ” అన్నాడు.

ఆ ఆదివారం ముషీరాబాద్ వెళితే మామ అదోలా ఉన్నాడు.

“నిన్న ఒక ఆఫీసర్ అచ్చిండురా. తూనికలు కొలతలోడట. నాకు గుండెకాయ గొంతులకచ్చింది. గజం కట్టెను చాప కింద దాచిన.”

“షామియానాలు కిరాయికిచ్చే దుకాణంల గజం కట్టె ఎందుకు మామా?”

“ఆయన గూడ గదే అడిగిండు. చాప లేపి మరీ అడిగిండు. ఇగ తర్వాత నీ గురించి అడిగిండు.”

“ఏం చెప్పినవ్?”

“ఉన్నదే చెప్పిన. పొద్దుగాల లేవడు. ఏ పనికి పనికిరాడు. షామియానా వేసెకాడికి తోల్కపోతే మనుషులు గుంజలు పాతుతుంటే వీడు ఆ గుంజ మొదట్ల మొలిచిన గడ్డిని కూసోని చూస్తడు. బువ్వకు పిలిచినా రాడు. అట్లనే చెప్పిన.”

“మామా! నా ఫెలోషిప్పు పోతది!”

“జూన్ల నాకు మనిషి కావాలె గదరా,” అన్నాడు మామ. ఇంత ముక్కుసూటిగా కుట్ర చేసేవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

నెలాఖరుకు ఇంకా వారం ఉందనగా ఆఫీసరు నన్ను ఇంటి వెనక్కి తీసుకెళ్ళాడు. “గడ్డి మీద పరిశోధన అంటున్నవు గదా. గీ పెరట్ల కలుపు తియ్యి. నీ పనితనం గూడ చూస్త.”

ఇన్నాళ్ళకు నా విద్యకు తగిన వేదిక దొరికింది. నాకు ఆ రోజు బాగా జలుబు చేసి ఉంది. దీన్ని సాకుగా చెప్పడం లేదు, పాఠకుల సమాచారం కోసం చెబుతున్నాను. కింద కూర్చుని ఒక్కొక్క మొక్కా పీకుతూ, దాని లాటిన్ పేరు చెబుతూ, వంశవృక్షం వివరిస్తూ గోడవార దాకా వెళ్ళాను. ఆఫీసరు చేతులు వెనక్కి కట్టుకొని శ్రద్ధగా వింటున్నాడు. గోడవార ఒక బలమైన దుబ్బు ఉంది. దాన్ని చూపించి, ఇలాంటివాటిని మొదట్లోనే పీకకపోతే తోటంతా ఆక్రమిస్తాయని చెప్పి, రెండు చేతులా పట్టి వేళ్ళతో సహా లాగాను.

అదే సమయానికి ఆయన భార్య తలుపు దగ్గరికి వచ్చింది. “బిడ్డా, జలుబు చేసినట్టున్నది నీకు. చాయ్‌ల ఏస్త, నిమ్మగడ్డి రెండాకులు తెంపియ్యి.”

“నిమ్మగడ్డి ఎక్కడున్నదమ్మా?”

“నీ చేతులనే ఉన్నది.”

ఆఫీసరు వెనక్కి కట్టుకున్న చేతులు విప్పాడు.

“గడ్డి శాస్త్రమేనా నీది?” అన్నాడు.

“అవును సార్.”

“ఫైనల్ ఇయరేనా?”

“అవును సార్.”

“ఊఁ.”

“మల్ల నాటుతే బతుకుతది లెండ్రి,” అంది ఆవిడ. చాయ్ మాత్రం మానలేదు. పీకిన దుబ్బులోంచే రెండాకులు తెంపి వేసింది. ముక్కు మూసుకుపోయిన నాకు ఆ వాసన అప్పుడు కూడా తెలియలేదు.

దుబ్బును మళ్ళీ నాటాను. ఆ వారమంతా ఆఫీసరు రమ్మన్న సాయంత్రాలే కాక పొద్దున్న కూడా వెళ్ళి నీళ్ళు పోశాను. నా నడవడి సంగతి ఎలా ఉన్నా, అది ఎండిపోతే ఆ తల్లికి మొహం చూపించలేనని నా బెంగ. రోజూ దాని ముందు కూర్చుని, పాత ఆకు ఎలా వాడుతోందో, కొత్త ఆకు ఎక్కణ్ణుంచి తొంగిచూస్తోందో, ఆకు కాండాన్ని పట్టుకున్న చోట ఎలా ఉందో చూసేవాణ్ణి. రెండేళ్ళ చదువులో ఏ గడ్డినీ నేను అంత భయభక్తులతో చూడలేదు.

ఆఖరి రోజున ఆఫీసరు ధ్రువపత్రం తయారుచేసి ఉంచాడు. ఇంగ్లీషులో, రెండువైపులా టైపు చేయించాడు. లేచి నిలబడి మొత్తం చదివి వినిపించాడు. సారాంశం ఇది:

‘ఈ అభ్యర్థిని ఈ నెల మొదటి నుంచి ఎరుగుదును. అంతకుముందు ఎరుగను. క్యారమ్స్‌లో ఒకసారి కావాలని ఓడిపోయాడు, అడిగితే ఒప్పుకున్నాడు. గెలిచినప్పుడు ఎదుటివారి బాధను గమనించడు. ఎక్కువ తూగిన వంకాయలను తిరిగి ఇచ్చాడు. అందులో నిజాయితీ పాలెంత, దురద పాలెంత అన్నది తేల్చలేకపోయాను. పెట్టింది తింటాడు. ఇతని మేనమామ అభిప్రాయంలో ఏ పనికీ పనికిరాడు, పనిలోకి తీసుకువెళ్ళినా భోజనం మరిచి గడ్డినే చూస్తుంటాడు. గడ్డి మీద పరిశోధన చేయదలచిన ఇతడు మా ఇంటి నిమ్మగడ్డిని కలుపనుకొని పీకాడు. మళ్ళీ నాటి, రమ్మనని వేళ కూడా వచ్చి నీళ్ళు పోశాడు. అది బతికింది. పై విషయాలన్నీ నేను స్వయంగా పరీక్షించినవి.’

కింద సంతకం. సంతకం పక్కన గుండ్రటి ముద్ర.

“సార్,” అన్నాను, “‘సత్ప్రవర్తన’ అన్న మాట ఎక్కడన్నా ఒక్కసారి...”

“అది నాకు కండ్ల పడలె. పడ్డది రాసిన. అంతా కలిపి ఎంత తూగుతవో ఢిల్లీవాళ్ళు చూసుకుంటరు.”

హాస్టల్లో రూమ్మేటు రెండువైపులా చదివి మంచం మీద కూలబడ్డాడు. “ఇది సర్టిఫికెట్ కాదు బే. పోలీసు రిపోర్టు.”

“ఇప్పుడు ఇంకో గెజిటెడ్ దొరుకుతడా?”

“దొరుకుతడు. గడ్డం గీసుకుంట కర్నూల్ల ఉన్నడు.”

క్యాంపస్ పోస్టాఫీసు మూసేలోపు ఆ కాగితాన్ని దరఖాస్తుతోపాటు రిజిస్టర్ పోస్టు చేశాను. తరువాత ముషీరాబాద్ వెళ్ళి, షామియానా తాళ్ళు ఎలా చుట్టాలో నేర్పమని మామను అడిగాను. ఆయన నన్ను దగ్గరికి తీసుకున్నంత పని చేశాడు.

ఇంటర్వ్యూకు పిలుపు రావడమే ఒక వింత. బోర్డువాళ్ళు హైదరాబాద్ వచ్చి మా క్యాంపస్ గెస్ట్‌హౌస్‌లోనే దిగారు. నా ముందు లోపలికి వెళ్ళినవాళ్ళు అణువుల గురించీ, కణాల గురించీ అడిగారని చెప్పి చెమట తుడుచుకుంటూ వెళ్ళిపోయారు. నేను వెళ్ళేసరికి అధ్యక్షస్థానంలో నెరిసిన జుట్టుతో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఆవిడ ముందు నా డిగ్రీలేవీ లేవు, రెండువైపులా టైపు చేసిన ఆ కాగితం మాత్రమే ఉంది.

“వంకాయ నిజంగానే పడదా?” అని ఇంగ్లీషులో అడిగింది.

“పడదండి.”

“నిమ్మగడ్డిని గుర్తుపట్టలేకపోయారేం?”

“వాసన మీద ఆధారపడ్డానండి, ఆ రోజు జలుబు. ఆకు చూసి పోల్చాల్సింది. చూశాననుకున్నాను, చూడలేదు.”

“తర్వాత చూశారా?”

చూశానన్నాను. ఇక ఆపలేకపోయాను. కొత్త ఆకు ఎలా విచ్చుకుంటుందో, కాండాన్ని పట్టుకున్నచోట సన్నటి పొర ఎలా ఉంటుందో, కలుపు గడ్డికీ దానికీ తేడా ఎక్కడుందో చేతులు తిప్పుతూ చెప్పుకుపోయాను. మధ్యలో ఒక సభ్యుడు, మీ మామగారి షామియానా గుంజల దగ్గర ఏ గడ్డి మొలుస్తుంది అని అడిగాడు, నవ్వించడానికే. నేను మాత్రం నవ్వలేదు. గుంజలు పీకిన గుంతల్లో వానలకు ముందు ఏది వస్తుందో, వెనక ఏది వస్తుందో, నాలుగు పెళ్ళిళ్ళు తొక్కినా గరిక ఎలా మిగులుతుందో చెప్పాను. మామ పనికిరానితనం అనుకున్నదంతా అక్కడ పనికొచ్చింది.

పెద్దావిడ కళ్ళద్దాలు తీసి కాగితాన్ని మడిచింది. “ఈ వారంలో మేం చూసిన అభ్యర్థులందరూ సచ్ఛీలురే. అందరికీ సంతకాలున్నాయి. మీ ఒక్కరి గురించే మాకు ఏదైనా తెలిసింది,” అంది.

ఎంపికైనట్టు ఉత్తరం జూన్‌లో వచ్చింది. పట్టుకొని ముషీరాబాద్ పరుగెత్తాను. దుకాణం ముందు పెయింటరు నిచ్చెన మీద ఉన్నాడు. మామ పేరు అయిపోయి, దాని పక్కన ‘అండ్’ దాకా వచ్చాడు.

“మామా, వచ్చింది!”

మామ ఉత్తరం వైపు చూశాడు, నా వైపు చూశాడు, పైకి చూశాడు. “ఆపు,” అన్నాడు పెయింటరుతో. మాటంటే మాటే, నన్ను ఆపలేదు. ఉన్న అక్షరాలు చెరిపితే బోర్డు పాడవుతుందని వాటినీ అలాగే ఉంచేశాడు. ఆ తరువాత చాలా ఏళ్ళు ఆ దుకాణం ‘అండ్’తోనే నడిచింది. అండ్ ఎవరని గిరాకీలు అడిగితే, “అండ్ ఢిల్లీ పైసలతోని గడ్డి పీకుతున్నడు,” అని చెప్పేవాడట. గొంతులో కొంచెం గర్వం ఉండేదని రూమ్మేటు చెప్పాడు. వాడు దయగలవాడు.

ఉత్తరంతోపాటు చేరేటప్పుడు ఇవ్వవలసిన కాగితాల పట్టిక ఒకటి పంపారు. అన్నిటికన్నా కింద ఉంది: అభ్యర్థిని వ్యక్తిగతంగా, బాగా ఎరిగిన గెజిటెడ్ అధికారి నుంచి తాజా ధ్రువపత్రం.

ఈసారి భయపడలేదు. మిఠాయి పొట్లం కొనుక్కొని తార్నాక వెళ్ళాను. నిమ్మగడ్డి నడుము ఎత్తున ఏపుగా పెరిగింది. దాని చుట్టూ కొత్తగా ఇటుకలు పాతి ఉన్నాయి. ఆఫీసరు పట్టికను మొదటి నుంచి చివరిదాకా చదివి, వెనక్కి తిప్పి చూశాడు.

“నిన్ను చూసి ఎన్ని రోజులాయె?”

“పరీక్షలుండె సార్. తర్వాత ఇంటర్వ్యూ. రెండు మూడు నెలలైంది.”

“మరి ఇప్పుడెట్లున్నవో నాకెట్ల తెల్వాలె?”

“సార్, నేనే కద సార్. మీరు తూచి ముద్ర వేసిన మనిషినే.”

“కిలో రాయికి గూడ మల్ల మల్ల ముద్ర వేయించుకోవాలె బాబూ. ఇనుమే అరిగిపోతది. నువ్వు మనిషివి.”

“లోపలికి రా బిడ్డా,” అంది ఆవిడ వంటింట్లోంచి. “సర్వపిండి చేస్తున్న.”

చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను. క్యారమ్ బోర్డు మీద పౌడరు అప్పటికే చల్లి ఉంది.